మా గరాజులో ప్రవాస ప్రభుత్వం

హారిస్‌డేల్‌లో మా తెలుగు సంఘం రెండుగా చీలినప్పుడు, ఓడిన వర్గానికి నేను కార్యదర్శిని. ఓడామని మేమెవరం అనలేదు. తాత్కాలికంగా వెనక్కి తగ్గామన్నాం. తగ్గేటప్పుడు సంఘం బ్యానరు, రబ్బరు స్టాంపు, ఇండియా నుంచి కంటైనర్లో తెప్పించిన పెద్ద గుండిగలు మా గరాజుకి తరలించాం.

"గుండిగలు ఎవరి దగ్గరుంటే వాళ్ళదే అసలు సంఘం" అన్నారు మా ప్రెసిడెంట్ అంకుల్. ఊరందరికీ ఒకేసారి పులిహోర కలపగలిగే పాత్రలు ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేవు కనక, ఆ వాదన నాకూ బలంగానే కనిపించింది.

ఉగాది వచ్చింది. అవతలివాళ్ళు హోటల్ నుంచి ట్రేలలో భోజనాలు తెప్పించారు. జనమంతా అక్కడికే వెళ్ళారు. గిన్నెలు మావి, నోళ్ళు వాళ్ళవి. మా కార్యవర్గంలో కార్యం పోయి వర్గం మిగిలింది. నా కారు మాత్రం డ్రైవ్‌వేలో ఎండకి ఎండుతూ సంఘసేవ చేస్తోంది.

అవతలి ప్రెసిడెంటు నా పాత రూమ్మేటు. యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఇద్దరం ఒక కుక్కరుతో బతికాం. నాకు చారు పెట్టడం నేర్పింది వాడే. చీలిక తర్వాత ఇండియన్ షాపులో ఎదురుపడితే ఇద్దరం కందిపప్పు పేకెట్ల మీద రాసింది శ్రద్ధగా చదువుకునేవాళ్ళం.

వాడి కూతురికి ఓణీల ఫంక్షన్ అని మా ఆవిడ చెప్పింది. మాకు పిలుపు రాలేదు.

"కేటరింగ్ వద్దందట పాప. నానమ్మ వచ్చింది కదా, ఆవిడ చేతి వంటే కావాలందట. అంతమందికి వండాలంటే వెసల్స్ ఏవీ? చచ్చినా మిమ్మల్ని అడగడు."

"అడిగితే ఇస్తాను."

"మీరూ చచ్చినా ఇవ్వరు."

అంకుల్‌కి ఫోన్ చేశాను. "వద్దు బాబూ. గిన్నెలిచ్చామంటే వాళ్ళని రికగ్నైజ్ చేసినట్టే" అన్నారు. వాడు ఈ ఫంక్షన్‌కి పిలవకపోతే, నేను వెళ్ళకపోతే, ఇక ఏ శుభానికీ ఒకరి గుమ్మం ఒకరం తొక్కబోమని నాకు తెలుసు.

మర్నాడు గరాజు తలుపెత్తి గుండిగల ముందు నిలబడి ఉండగా పక్కింటాయన వచ్చాడు. తైవాన్‌లో పుట్టి, ఇక్కడ పళ్ళ డాక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఇవేమిటని అడిగితే మొత్తం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

"ఓ, ప్రవాస ప్రభుత్వమా" అన్నాడు, పన్ను చూసి పుచ్చిందని చెప్పినంత మామూలుగా. ప్రవాసాంధ్రులం, మళ్ళీ అందులో ఒక ప్రవాసం.

ఆయన ఇంగ్లీషులో చెప్పింది నా తెలుగులో రాస్తున్నాను. వాళ్ళ నాన్న చైనా ప్రభుత్వంలో గుమాస్తా. 1949లో, అంతర్యుద్ధంలో కమ్యూనిస్టుల చేతిలో ఓడినవాళ్ళు ఓడలెక్కి తైవాన్ చేరారు. బంగారం తెచ్చారు. పాత రాజప్రాసాదంలోని చిత్రాలు, పింగాణీ పాత్రలు పెట్టెల్లో సర్ది తెచ్చారు. దేశం ఒక్కటే పెట్టెల్లో పట్టలేదు.

"తైపేని తాత్కాలిక రాజధాని అన్నారు. వచ్చే ఏడాది వెళ్ళిపోతాం కదా అని మా నాన్న వెదురు కుర్చీలే కొన్నాడు. చైనాలో ఎన్నికైన పార్లమెంటు సభ్యులకి మళ్ళీ అక్కడ ఎన్నికలు పెట్టే వీల్లేదు. అవే సీట్లలో కూర్చుని ముసలివాళ్ళయ్యారు. నేనేమో చైనాలో ఎన్నడూ ఎక్కని రైళ్ళ స్టేషన్లు బళ్ళో వరసగా అప్పజెప్పేవాణ్ణి."

"అయితే అసలు ప్రవాస ప్రభుత్వం మీదే అన్నమాట."

"మా ఇంట్లో అనకు. మా ఆవిడ వాళ్ళది తరాలుగా ఆ ద్వీపమే. ఆవిడ చెప్పే చరిత్ర చిన్నది. చుట్టాలొచ్చారు, మా ఇంటికి రాజధాని అని పేరు పెట్టారు."

గరాజు విషయంలో మా ఆవిడదీ ఇంచుమించు అదే చరిత్ర.

"మీ నాన్నగారు మళ్ళీ వెళ్ళారా?"

"వెళ్ళాడు, చూడ్డానికి. ఆయన అన్న అక్కడే ఉండిపోయాడు. దాదాపు నలభై ఏళ్ళు ఉత్తరం ముక్క లేదు. రాకపోకలు తెరిచాక, అన్న కోసం మంచి చేతిగడియారం కొనుక్కెళ్ళాడు."

"సంతోషించాడా ఆయన?"

"అన్న అప్పటికే పోయాడు. గడియారం మా నాన్న తిరిగి తెచ్చుకున్నాడు" అని, ఒక గుండిగని వేలితో తట్టి చూసి, ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు.

నేను కారు వెనక సీట్లు మడిచి గుండిగలు ఎక్కించాను. అంకుల్‌కి చెప్పలేదు.

తలుపు తీసిన నా పాత రూమ్మేటు నన్ను చూశాడు, నా వెనక కారులోకి చూశాడు.

"మూతలేవిరా?"

"అంకుల్ గారింట్లో ఉన్నాయి. అధికార వికేంద్రీకరణ."

"మూతల్లేకుండా మా అమ్మ వండదు."

"అయితే ఆయన్ని పిలవాలి మరి."

"పిలిస్తే వస్తాడంటావా?"

"నన్ను పిలవకపోయినా వచ్చాను కదా."

వాడు జేబులోంచి ఫోన్ తీసి, కాస్త పక్కకి జరిగి, గొంతు సవరించుకున్నాడు.

"అంకుల్, నమస్తే. నేనండీ."