గుమ్మడి పాదు దగ్గర పెళ్లిచూపులు

ఆ రోజుల్లో పత్రికలో రైతు పేజీ దిద్దేవాణ్ణి కనుక వ్యవసాయమంతా నాకే తెలుసునన్న నమ్మకం గట్టిగా ఉండేది (మా ఇంటి తులసి మొక్క కూడా నా చేతిలో బతికేది కాదన్నది వేరే సంగతి). ఆ నమ్మకంతోనే మావయ్యను వెంటబెట్టుకుని ముమ్మిడివరం దగ్గర ఒక వేదపండితుల ఇంటికి పెళ్లిచూపులకు వెళ్లాను. అమ్మాయి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతోంది. ఫొటో చూసిన నాటి నుంచీ ఆమె ఔనంటే చాలుననుకుంటున్నాను. ఇదివరకు వచ్చినవాళ్లందరినీ కాదందని మావయ్య దారిపొడవునా గుర్తుచేస్తూనే ఉన్నారు.

"కాసేపు మాట్లాడుకోండమ్మా" అని పెద్దలు మమ్మల్ని పెరట్లోకి పంపారు. గుమ్మడి ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లటి తెగులు, దాని మీద పసుపు రంగు అక్షింతల పురుగులు. నాకు నా పేజీ పూనింది.

"పురుగు పట్టిందండీ. ఇవాళే మందు కొట్టించాలి."

"పాపం, ఆ బూడిదే వాటి అన్నమండి. ఆకు జోలికి రావు" అందామె.

నేను తగ్గలేదు. వసారాలో ఆరబెట్టిన వాళ్ల తాతగారి పాత పుస్తకాల్లో కంటికి ఆనీ ఆనని తెల్లపురుగులు పాకుతుంటే, "ఇవి మాత్రం కాగితం తినేవే" అని తేల్చేశాను.

"వీటిక్కావలసింది కూడా చెమ్మకి పట్టిన బూజేనండి."

"అయితే రెండూ చుట్టాలా?"

"అబ్బే, కాదండి. వాటికి రెక్కలున్నాయి, ఎండలో తిరుగుతాయి. వీటికి రెక్కల్లేవు, బీరువా చీకటే లోకం. తిండి మాత్రం ఇద్దరిదీ బూజే. ఆకు మీదున్న బూడిదా బూజేనండి."

విన్నది సరిచూసుకోకుండా అచ్చు వేయకూడదని పత్రికలో నేర్పారు. ఆమెను భూతద్దం అడిగి తీసుకుని గుమ్మడి ఆకు ముందు కూర్చున్నాను. పురుగు తెలుపును గీక్కుంటూ పోతోంది, వెనక ఆకు పచ్చగా మిగులుతోంది.

"ఏమోయ్, రాహుకాలం వచ్చేస్తోంది. లోపలికి రా, మాటేదో అనేసుకుందాం" అని మావయ్య కేకేశారు.

"ఈ ఒక్క ఆకూ అయిపోనీండి మావయ్యా."

లోపల అందరూ నవ్వారు. తలెత్తితే ఆమె నా ఎదురుగా కూర్చుని అదే ఆకును చూస్తోంది.

"నేను చెప్పింది తప్పండీ" అన్నాను.

"ఆయ్" అంది మెత్తగా. "ముందొచ్చినవాళ్లూ మందు కొట్టించమనే చెప్పేరండి. కూర్చున్నది మీరే."

ఈలోగా రాహుకాలం రానే వచ్చింది. అది పోయేదాకా పెద్దలు పెళ్లి మాట ఎత్తలేదు, మేము లోపలికి వెళ్లలేదు. గడువు దాటినందుకు నేను సంతోషించింది ఆ ఒక్కసారే. ఇస్త్రీ ప్యాంటుతో మట్టిలో చతికిలబడి, అమ్మాయిని చూడమంటే పురుగును చూస్తున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వాడి పక్కన కాసేపు కూర్చోవాలనీ అనిపిస్తుంది.