ఏ చేనికి?

పురుగు పత్తిని ఊడ్చేసిన ఏడాది, చుట్టుపక్కల ఊళ్ళల్లో రైతులు ఆ పురుగుమందే తాగి పోతున్నారు. మా పెద్ద తోడికోడలు మా ఇంటి మందు డబ్బాలన్నీ గదిలో పెట్టి తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఇంట్లో ఎవరు డబ్బా అడిగినా "ఏ చేనికి?" అనేది.

ఒక మధ్యాహ్నం మా మరిది వచ్చి అడిగాడు.

"ఏ చేనికి?"

"దిబ్బచేనికి, వదినా."

ఆ చేలో పత్తి మొన్ననే పీకేశారు. ఆవిడ గొంతు కూడా పెంచలేదు.

"పీకేసిన చేనికి మందేంటి అబ్బాయ్? కూర్చో. పప్పు చేశా."

కంచం ముందు తల వంచుకుని ఏడ్చాడు. ఇద్దరు బిడ్డల తండ్రికి, నా ఎదుటే, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. అంత గుండె ఆవిడకు ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు.

కాసేపటికి అతను, "ఉప్పు తగ్గింది వదినా" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది ఆవిడ.