కోట్ల కిటికీ దగ్గర పిన్ని కుర్చీ

మా పిన్ని యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్ గుమ్మం పక్కన కూర్చుని, కిటికీలోంచి విద్యార్థులకు తెల్లకోట్లు ఇస్తుంది. కోటు తొడుక్కున్నాక ఎవరైనా సరే రెండు చేతులూ పైకెత్తి చూపాలి. మణికట్టు బయటపడిందా, విప్పించి పెద్దది ఇస్తుంది. యాసిడ్ చిందేది సరిగ్గా అక్కడేనట.

ఆ పూట పన్ను పీకించుకోవడానికి వెళ్తూ నన్ను కూర్చోబెట్టింది. "పొట్టిచేతుల కోటుతో ఒక్కరు లోపలికెళ్లినా నా కుర్చీ ఊడుతుందే. మొన్నే ల్యాబ్ మేడం గట్టిగా చెప్పింది" అంది.

నేను సాహిత్యంలో ఎం.ఏ. చదువుతున్నాను. కావ్యనాయికల సిగ్గు గురించి పేజీలకు పేజీలు రాస్తాను కానీ, ఎదుటి మనిషిని "చేతులెత్తండి" అనలేను. మొదట వచ్చిన పొడుగాయన కోటు తొడుక్కుని లోపలికి వెళ్లబోయాడు. పిన్ని కుర్చీ కళ్లముందు మెదిలింది. లేచి నిలబడి, నా చేతులే రెండూ పైకెత్తాను.

ఆయన కంగారుపడి తనూ ఎత్తాడు. మణికట్టేం ఖర్మ, సగం ముంజేయి కనిపించింది. పెద్ద కోటు అందించాను. వెనకవాళ్లూ కోట్లు తొడుక్కుని నన్ను చూసి చేతులెత్తారు. నేను దించితే వాళ్లు మానేస్తారేమోనని అలాగే నిలబడిపోయాను.

పిన్ని బుగ్గలో దూదితో తిరిగొచ్చింది. "ఏమే, నిన్నెవరైనా దోచుకున్నారా?"

"నీ ఉద్యోగం కాపాడుతున్నా పిన్నీ."

ఆమె ల్యాబ్‌లోకి తొంగిచూసింది. ఒక్క మణికట్టూ బయట లేదు.

"కుర్చీ దక్కిందిలే. అందరూ లోపలికి వెళ్లిపోయారుగా, ఇక దించు తల్లీ."

"భుజాలు పట్టేశాయి పిన్నీ, నువ్వే దించు."