మనుషుల్లేని ఫోటోలు

ఆ రోజుల్లో మా సికిందరాబాదులో బియ్యం దొరక్కపోయినా, కిరసనాయిలు దొరక్కపోయినా, అనుమానం మాత్రం కావలసినంత దొరికేది. పోలీసు యాక్షన్‌కి ముందు నెలల మాట ఇది. సరిహద్దుల దగ్గర సరుకు ఆగిపోయింది. ఏ రోజు ఏమవుతుందో ఎవరికీ తెలీదు, పక్కవాడికి తెలుసేమోనని మాత్రం అందరికీ అనుమానమే. పాలవాడు ఆలస్యంగా వస్తే ఎక్కడ తిరిగొచ్చాడోనని, పెందరాళే వస్తే ఎందుకంత తొందరోనని ఆలోచించేవాళ్ళం. మోండా మార్కెట్‌లో ఇద్దరు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటుంటే మూడోవాడు వంకాయలు ఏరుతున్నట్టు నటిస్తూ చెవి అటు పడేసేవాడు. (తీరా చూస్తే వాళ్ళు మాట్లాడుకునేదీ వంకాయల గురించే.) ఇంతమందికి పట్టిన జబ్బు పందొమ్మిదేళ్ళ పిల్లకి కొంచెం అంటుకోవడంలో వింతేముందని ఇప్పుడు నాకు నేను నచ్చచెప్పుకుంటూ ఉంటాను. కొంచెం అన్నది అబద్ధం. బాగానే అంటుకుంది.

అప్పుడు మేం మల్కాజ్‌గిరిలో ఉండేవాళ్ళం. నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. నా చిన్నప్పుడే అమ్మ పోవడంతో నాన్న అక్కగారు, అంటే మా అత్తయ్య, నన్ను పెంచింది. మిషన్ బడిలో నేను నేర్చిన విద్యలన్నిటిలోకీ పనికొచ్చింది సన్నటి కుట్టుపని. ఆ చేతివాటం చూసే మోండా మార్కెట్ వెనక సందులో మేడమీద ఉన్న ఫోటో స్టూడియోలో నాకు టచింగ్ పని ఇచ్చారు. టచింగ్ అంటే, గాజు నెగటివ్ మీద సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మనుషుల మొహాల్లోని మచ్చలూ ముడతలూ మాయం చేయడం. నా చేతిలో పడి సికిందరాబాదు పెద్దమనుషులెందరో పదేళ్ళ వయసు పోగొట్టుకున్నారు. ఇది కాక శనివారం శనివారం ఇంకో పని ఉండేది. ఎవరూ అడగని పాత ప్లేట్లని బట్టల సోడా కలిపిన వేణ్ణీళ్ళలో ముంచి, పైనున్న పొర గీకేసి, శుభ్రమైన గాజుపలకలుగా చేసి పటాలు కట్టేవాళ్ళకి పంపాలి. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని మాస్టారు అందరితో చెప్పేవారు. ఆ మెప్పే ఆయన కొంప ముంచింది.

మాస్టారు ఈ ఊరి మనిషే. సన్నగా పొడుగ్గా, మెడ ఎప్పుడూ కొంచెం పైకెత్తి ఉండేవారు. పెళ్ళిళ్ళ ఫోటోలూ కుటుంబాల ఫోటోలూ తీసి పొట్టపోసుకున్నా ఆయన మనసు మాత్రం ఆర్టు ఫోటోల మీదే. బొంబాయిలో జరిగే ఒక పెద్ద ప్రదర్శనలో తన ఫోటో ఒక్కటైనా గోడకెక్కాలని ఆయన జీవితాశయం. ఈ సంగతి నాకు మొదట్లో తెలీదు. నాకు తెలిసిందల్లా ఆయన మనుషుల్లేని ఫోటోలు తీస్తారని. కుర్చీలో ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి, తల కదలకుండా వెనక ఇనప ఊత బిగించి, అంతలో కిటికీలోంచి బయటికి చూసి, "వస్తున్నయ్! జెర గిట్లనే కూసోండి సాబ్, ఇప్పుడే వస్తా," అని కెమెరా ఎత్తుకుని డాబా మీదికి పరిగెత్తేవారు. పెద్దాయన పావుగంట అలాగే బిగుసుకుని ఉండేవాడు. మాస్టారు దిగొచ్చి ఒక నల్ల పుస్తకంలో ఏదో రాసుకుని, ఏమీ జరగనట్టు, "ఆఁ, నవ్వుండ్రి," అనేవారు. ఏం వస్తున్నాయో, ఏం వచ్చాయో ఎవరికీ చెప్పేవారు కాదు.

ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తెరిచాను. (తప్పే. కానీ ఆ రోజుల్లో ఎవరి పుస్తకం ఎవరు తెరవలేదు గనక!) "తూర్పు. పొద్దున ఆరున్నర. పెద్దవి మూడు, వెనక చిన్నవి." "ఉత్తరం, మారేడ్‌పల్లి మీదుగ. సాయంత్రం అయిదు. నల్లది ఒకటే, మెల్లగ." పేజీలకి పేజీలు ఇదే వరస. ఆ పక్కనే తాళం లేని చెక్కపెట్టె. అందులో ముప్పై గాజు ప్లేట్లు. ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూశాను. మనిషి లేడు, ఇల్లు లేదు, చెట్టు లేదు. అన్నిట్లోనూ ఆకాశమే.

ఇంటికెళ్ళి అత్తయ్యకి చెప్పాను. అత్తయ్య అట్లకాడ కిందపెట్టేసింది.

"ఉత్త ఆకాశం ఎవడిక్కావాలే, విమానాలవాళ్ళకి తప్ప?"

"ఇంతవరకూ ఒక్క విమానమూ రాలేదు కదత్తయ్యా?"

"అందుకేనే పిచ్చిదానా! ఎటునుంచి వస్తే బాగుంటుందో దారులు చూసిపెడుతున్నాడు."

ఎవరికోసం చూసిపెడుతున్నారన్నది మాత్రం అత్తయ్య ఎటూ తేల్చుకోలేకపోయింది. సోమవారం ఆయన్ని యూనియన్ సర్కారు మనిషిని చేసేది, బుధవారానికి నిజాం మనిషిని చేసేది, ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇద్దరి దగ్గరా జీతం తింటున్నాడని నిర్ణయించేది. నాన్న మాత్రం పేపరులోంచి తలెత్తకుండా, "ఆయన ఎవరి మనిషైనా కానీ, పట్టుకుపోయినప్పుడు పక్కన దొరికేది మన పిల్లే," అన్నారు. ఆ మాటతో నాకు అన్నం సయించడం మానేసింది. ఇంకా భయం ఏమిటంటే మాస్టారంటే నాకు ఇష్టం. నా చేతిపనికి మొదటిసారి విలువకట్టిన మనిషి ఆయన. అలాంటాయన్ని జైల్లో ఊహించుకోలేకపోయాను. ధైర్యం చేసి ఒకసారి, ఆ పెట్టెలో ఏముందని అడిగాను. మాస్టారు పెట్టె మీద చెయ్యివేసి, "దీన్ని ముట్టకు బిడ్డా. గిది పోతే నేను పోయినట్టే," అన్నారు. ఇంకేం కావాలి? ఉరిశిక్ష సంగతే చెబుతున్నారనుకున్నాను.

తర్వాత వారమే అమీన్ సాబు వచ్చాడు. (అమీన్ అంటే అప్పటి మన ఎస్సై.) నేను లోపల చీకటిగదిలో ఉన్నాను. మెట్ల మీద బూట్ల చప్పుడు, ఆ వెంటనే గొంతు వినిపించాయి.

"మాస్టర్ ఉన్నడా? తలుపు బంద్ చెయ్. నేను పొయ్యేదాంక ఎవ్వల్నీ లోపటికి రానియ్యకు."

"అట్లనే సాబ్. మీరు పరేషాన్ గాకుండ్రి," అంటున్నారు మాస్టారు.

"అంతా సాఫ్‌గ బయటికి రావాలె, సమజైందా? ఒక్కటి సుత దాచొద్దు."

పెట్టె కోసమే వచ్చాడనుకుని నా బుర్ర మొద్దుబారింది. కానీ చేతులు మాత్రం, చెప్పుకోవాలి, చాలా చురుగ్గా పనిచేశాయి. టీ కోసం పెట్టిన నీళ్ళు పొయ్యి మీద కాగుతున్నాయి. సోడా ఉంది. పెట్టె పక్కనే ఉంది. ఒక్కొక్క ప్లేటే ముంచడం, పొర ఉబ్బగానే గీకడం, కడగడం, నిలబెట్టడం. బయట ఎంత గట్టిగా మాట్లాడితే అంత వేగంగా గీకాను. మధ్యలో ఒక ప్లేటు మీద మబ్బు చాలా అందంగా ఉందని ఒక్క క్షణం ఆగాను. మాస్టారి ప్రాణం ముందు మబ్బెంత అనుకుని అదీ గీకేశాను. ముప్పయ్యో ప్లేటు ఆరబెట్టి, చేతులు తుడుచుకుని, దేవుణ్ణి తలుచుకుని తలుపు తీశాను.

అమీన్ సాబు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొహమంతా తెల్లగా పౌడరు, మీసాలకి నూనె. మాస్టారు ఆయన గడ్డం కొంచెం పైకెత్తుతున్నారు. నన్ను చూసి అమీన్ సాబు సిగ్గుపడిపోయాడు.

"ఏందీ, గిట్ల చూస్తవ్? అమ్మకు పంపాలె ఫోటో. జమానా ఎట్లుంటదో ఏమో. మెడల్ ఒక్కటి సుత దాయకుండ తియ్యమంటున్న, గంతే."

ఫోటో తీయించుకుని, మొహం కడుక్కుని, వచ్చినంత హడావుడిగానూ వెళ్ళిపోయాడు. మాస్టారు చీకటిగదిలోకి వెళ్ళారు. ఎంతకీ బయటికి రాలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి, "మిమ్మల్ని కాపాడదామని..." అన్నాను. ఆయన నల్లగుడ్డ తప్పించి, ఒక పలక తీసి కిటికీకి అడ్డంపెట్టి చూస్తున్నారు. అందులోంచి ఎదురింటి పిట్టగోడ చక్కగా కనిపిస్తోంది. రెండోది తీశారు, మూడోది తీశారు. అన్నిట్లోనూ పిట్టగోడే. అప్పుడు స్టూలు మీద కూలబడి, "పన్నెండు వానకాలాలు బిడ్డా," అన్నారు. అంతే. తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది.

ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చిన సంగతి ఇది. అప్పటి ప్లేట్ల మీద నేల సరిగ్గా పడితే ఆకాశం మాడిపోయి తెల్లకాగితంలా మిగిలేది. అందుకని ఆర్టు ఫోటోలు తీసేవాళ్ళు మంచి మబ్బులు కనబడినప్పుడల్లా విడిగా తీసి దాచుకుని, కావలసిన ఫోటో మీద అతికినట్టు అచ్చువేసేవాళ్ళు. పుస్తకంలో పెద్దవీ చిన్నవీ నల్లవీ అన్నీ మబ్బులే. బొంబాయికి పంపాలనుకున్న ఫోటో తీసి చూపించారు. పొద్దుటి ఎండలో మల్కాజ్‌గిరి దారిలో ఎత్తు ఎక్కుతున్న ఎద్దులబండి. చక్రాల దుమ్ము, వంగిన ఎద్దుల మెడలు, నేలమీద బారెడు నీడలు. పైన సగం ఫోటో ఖాళీ. ఏడాదిగా దానికి సరిపోయే మబ్బు వెతికి, మొన్ననే ఎంచిపెట్టుకున్నారట. నేను ఒక్క క్షణం ఆగి గీకినది అదే అయివుంటుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ రోజు వెక్కివెక్కి ఏడ్చాను.

పోలీసు యాక్షన్ వచ్చింది, నాలుగైదు రోజుల్లో అయిపోయింది. మేం తలుపులు తెరిచి, మళ్ళీ పనుల్లో పడ్డాం. బొంబాయికి పార్సిళ్ళు తిరిగి షురూ అయ్యాయి. ప్రదర్శన గడువు వారమే ఉంది. మాస్టారి దగ్గర వాడకుండా మిగిలినవి రెండే రెండు కొత్త ప్లేట్లు. కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మబ్బుల్ని కడిగింది నువ్వు. తెచ్చేది సుత నువ్వే."

మూడు రోజులు డాబా మీద నిలబడి ఆకాశంకేసి చూశాను. చుట్టుపక్కల డాబాల వాళ్ళందరూ నాకేసి చూశారు. ఆడపిల్ల, ఒంటరిగా, కెమెరాతో, ఇలాంటి రోజుల్లో! కబురు మల్కాజ్‌గిరి దాకా పాకి అత్తయ్య చెవిన పడింది. "మా పిల్ల మబ్బులు తీస్తోందండీ," అని అత్తయ్య అంటే నమ్మినవాళ్ళు లేరు. (ఆవిడ కూడా పూర్తిగా నమ్మిందని చెప్పలేను.) మూడో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ నడినెత్తిన ఒక మహా మబ్బు వచ్చింది, దూదికొండలా. రెండు ప్లేట్లూ దానిమీదే ఖర్చు పెట్టేశాను. మాస్టారు ఆ నెగటివ్‌ని చాలాసేపు చూశారు. నా మొహంకేసి కూడా చూశారు. "మంచిగున్నది బిడ్డా," అని, ఆ మబ్బుతోనే అచ్చువేసి పంపేశారు.

రెండు నెలలకి ఫోటో తిరిగొచ్చింది, ఒక చిన్న ఇంగ్లీషు చీటీతో. మాస్టారు దాన్ని చదువుకుని, "మబ్బు శానా నచ్చిందట. బండే నచ్చలేదట వాళ్ళకు," అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు ఇంటికెళ్ళే రైల్లో నా కాళ్ళు నేలమీద నిలవలేదు. బొంబాయివాళ్ళు మెచ్చిన మబ్బు నాది! దాంతోనే టచింగ్ పెన్సిల్ పక్కనపెట్టి కెమెరా పట్టాను. తర్వాత మారేడ్‌పల్లిలో నా సొంత స్టూడియో తెరిస్తే మాస్టారు ఆ ఫోటోకి పటం కట్టించి తెచ్చి ఇచ్చారు. మబ్బు కథ నేను వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆయన పక్కనే కూర్చుని తల ఊపేవారు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకి, ఒక మధ్యాహ్నం పటం దుమ్ము తుడుస్తూ మొదటిసారి ఫోటోగ్రాఫర్ కళ్ళతో చూశాను. కింద బండి నీడ బారెడు పొడుగు, పొద్దుటి ఎండ. పైన మబ్బు నెత్తిమీద వెలుగు, పన్నెండింటి ఎండ. ఒకే ఫోటోలో రెండు పూటలు. పన్నెండు వానకాలాల పాటు ప్రతి మబ్బుకీ దిక్కూ గంటా రాసుకున్న మనిషికి, నేలమీది ఎండా మబ్బు మీది ఎండా కలవాలనే ఆ రాతలు రాసుకున్న మనిషికి, ఇది కనబడలేదంటే నేను నమ్మను. కనబడింది. కనబడే పంపారు. పాలవాణ్ణీ అమీన్ సాబునీ ఆకాశాన్నీ అనుమానించినదాన్ని, మిషన్ బడిలో ఇంగ్లీషు చదువుకున్నదాన్ని, నా ఎదురుగా మడిచి జేబులో పెట్టుకున్న ఆ చీటీని మాత్రం అనుమానించలేకపోయాను.

పటం ఇప్పటికీ గోడమీదే ఉంది. వచ్చినవాళ్ళు ఆగి, "మబ్బు ఎంత బాగుందండీ!" అంటారు. నేను నవ్వి, "బండి చూడండి," అంటాను.