మొవ్వు ఒక్కటే

మా ఇల్లు తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే దారిలో, మెయిన్ రోడ్డుకు నాలుగు సందులు లోపల ఉంది. ఇల్లు కట్టుకున్న ఏడే గేటుకు అటొకటి ఇటొకటి రెండు పొట్టి రకం టెంకాయ మొక్కలు నాటాను. 'నాటాము' అనడం లేదు. నర్సరీలో మొక్కలు ఏరింది నేను, ఆటోలో ఒళ్లో పెట్టుకొని తెచ్చింది నేను, గుంతలో ఇసుకా పశువుల ఎరువూ కలిపింది నేను. మా ఆయన ఆ రోజు వాకిట్లో నిలబడి, "గేటుకాడ ఏంటికి మే, దావకు అడ్డం" అన్నాడు. ఆయన వాటా అంతే.

నేను రేణిగుంట దగ్గర ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పని చూస్తాను. పొద్దున పోయేముందు బియ్యం కడిగిన నీళ్లు ఒక చెట్టుకు, కూరగాయలు కడిగిన నీళ్లు ఇంకో చెట్టుకు. సాయంత్రం వచ్చాక చెప్పులు విప్పకముందే పైపు పట్టుకునేదాన్ని. ఎండాకాలంలో మొదళ్ల చుట్టూ టెంకాయ పీచు పరిచి, పైన తడి గోనెసంచులు కప్పేదాన్ని. మూడో ఏడు కొమ్ము పురుగు పట్టింది. అది మొవ్వులోకి తొలుచుకుపోయి నమిలిన పీచును బయటికి నెడుతుంది.

మొవ్వు అంటే చెట్టు నడినెత్తిన, ఇంకా విచ్చుకోని లేత ఆకులు ఒకదాన్నొకటి చుట్టుకొని నిలబడే చోటు. కొత్త ఆకు పుట్టేది అక్కడే, ఇంకెక్కడా కాదు. వేపకొమ్మ నరికితే పక్కన పది చిగుళ్లు వేస్తుంది. టెంకాయ చెట్టుకు మొవ్వు పోతే ఇంక ఏమీ లేదు. అందుకని సెలవు దొరికిన ప్రతి మధ్యాహ్నం మొక్క పక్కన గొంతుక్కూర్చుని, ఇనప కమ్మీ కొస వంచి, పురుగును గుచ్చి బయటికి లాగేదాన్ని. మట్టల సందుల్లో ఇసుక, వేపపిండి కలిపి కూరేదాన్ని. గోళ్లలో ఆ వాసన గోడౌన్ దాకా వచ్చేది.

ఆ మరుసటి ఏడు పూత వచ్చింది. పొట్టి రకం కాబట్టి గెలలు నడుమెత్తులోనే వేలాడాయి. అందరూ మెచ్చుకున్నారు. చేతికందే చెట్టుకు అదే శత్రువని నాకప్పుడు తెలియలేదు.

ముందుగా తెలిసింది ఎదురింటి పెళ్లప్పుడు. ఎదురింటాయనకు ఎరువుల అంగడి ఉంది. చెట్ల సంగతి తెలియని మనిషి కాదు. కూతురి పెళ్లి చప్పరానికి మట్టలు కావాలని, నేను పనిలో ఉన్నప్పుడు వచ్చి మా ఆయన్ని అడిగాడు. మా ఆయన కోసుకోమన్నాడు. సాయంత్రం వచ్చి చూస్తే రెండు చెట్లూ ఈకలు పీకిన కోళ్లలాగా ఉన్నాయి. నడిమధ్యన మూడు నాలుగు ఆకులు తప్ప ఏమీ మిగల్చలేదు. పెళ్లివాళ్ల ఇంటిముందు నా మట్టలు పచ్చగా అల్లుకొని ఉన్నాయి.

"శుభకార్యానికి అడిగితే లేదంటామా?" అన్నాడు మా ఆయన.

"నన్ను అడగల్ల గదా."

"నువ్వు ఇంట్లో లేవు."

నేను ఇంట్లో లేకపోతే చెట్టు ఎవరిదైనా కావచ్చన్నమాట. ఆ ఏడు పిందెలన్నీ రాలిపోయాయి. పెళ్లి భోజనానికి నేను పోలేదు. తలనొప్పి అని చెప్పించాను. ఆ అబద్ధం చెప్పించినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. కోపం అని చెప్పి ఉండాల్సింది.

తర్వాతి ఏడు మట్టల ఆదివారం వచ్చింది. ఈస్టరుకు ముందు వారం మా చర్చిలో పిల్లలూ పెద్దలూ టెంకాయ మట్టలు పట్టుకొని పాడుతూ ఊరేగుతారు. నా చిన్నప్పటి నుంచి నాకు అన్ని పండగల్లోకీ అదే ఇష్టం. ఎప్పుడూ ముదురు మట్టలే, ఎవరింటి నుంచో ఒకటి రెండు తెచ్చుకునేవాళ్లం. ఆ ఏడు మా సంఘపెద్దకు కొత్త ఆలోచన వచ్చింది. ఆయన రిటైరైన టీచరు, అందరం సార్ అంటాం. లేత పసుపుపచ్చ ఆకుతో చిన్న చిన్న శిలువలు అల్లి అందరికీ పంచాలన్నాడు.

లేత పసుపుపచ్చ ఆకు చెట్టుకు ఎక్కడ ఉంటుందో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

శనివారం నేను పని నుంచి వచ్చేసరికి గేటుకు ఎడమవైపు చెట్టు నడినెత్తి ఖాళీగా ఉంది. సార్, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, ముందు నడిమిన నిలబడి ఉన్న లేత నిలువాకు కోశారు. అది చాలక కొడవలి లోపలికి దించి, కింద చుట్టుకొని ఉన్న తెల్లటి ఆకుల్ని మొదలు దాకా తవ్వి తీసుకుపోయారు. పచ్చి టెంకాయ వాసన వాకిలంతా నిండి ఉంది. మా ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఇంటి ముందరే కొట్టు. అంత సేపూ అక్కడే కూర్చుని తీగ చుడుతూ ఉన్నాడట.

"ఎవురు కోసినారు?"

"మన చర్చివాళ్లే. సార్ వచ్చి అడిగినాడు. సరే అన్న్యాను."

"మొవ్వు కోస్తా ఉంటే సూస్తా కూచున్న్యావా?"

"ఆకులే గదా మే. మళ్లా వస్తాయి."

"నీ తల తీసేస్తే మళ్లా వస్తాదా?"

ఆయన మళ్లీ తీగ అందుకున్నాడు. చీకటి పడకముందే ఎదురింటాయన అంగడికి పోయి, మందేమైనా ఉందా అని అడిగాను. ఆయన తల దించుకొనే నీలం రంగు మందు, సున్నం ఇచ్చి ఎలా కలపాలో చెప్పాడు. "లోపల ఆకు పుట్టే గుడ్డు తెగకపోతే బతుకుతాదమ్మా. తెగింటే కష్టం" అన్నాడు. కోసిన చోట మందు పూసి, వాన పడకుండా ప్లాస్టిక్ కవరు కట్టాను.

మర్నాడు ఆరాధనకు పోయాను. పోకపోతే నేనే తప్పు చేసినట్టు ఉంటుంది. లోపల ప్రతి చేతిలో ఒక చిన్న పసుపుపచ్చ శిలువ. నా చేతికీ ఒకటి ఇచ్చారు. చాలా అందంగా ఉంది, అది కూడా చెప్పాలి. అందరూ పాడుతుంటే నేను తల వంచి ఆ శిలువనే చూస్తూ నిలబడ్డాను. అందరూ భక్తి అనుకున్నారేమో. ఆరాధన అయ్యాక బయట, చెప్పులు వేసుకుంటున్న సార్ దగ్గరికి పోయాను.

"సార్, మా చెట్టు మొవ్వు ఎందుకు కోసినారు?"

"మీ ఇంటాయన్ని అడిగినాం గదమ్మా."

"ఆయన ఆ చెట్టుకు ఒక చెంబు నీళ్లు పోసిన మనిషి కాదు సార్. ఆయన్ని అడిగితే ఎట్ల?"

ఆయన నవ్వాడు. "దేవుని పనికి ఇచ్చినావు. ఇచ్చినాక బాధ పడకూడదమ్మా."

"నేను ఇయ్యలేదు సార్. మీరు తీసుకున్నారు. ఇచ్చేదానికీ తీసుకునేదానికీ తేడా ఉండాది."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకొని పక్కకు లాగారు. ఒకామె, "ఆకు కోసం పెద్దాయన్ని నిలేస్తారా" అంది. ఆ మాట అన్నామె ఇంట్లో పదిహేను గులాబీ కుండీలున్నాయి. పక్కింటి పిల్ల ఒక పువ్వు తెంపితే వీధంతా వినబడేలా తిడుతుంది.

చెట్టు మూడు నెలలు కొట్టుమిట్టాడింది. ఒక ఆకు వచ్చింది, కొసలన్నీ కత్తెరతో కత్తిరించినట్టు మొండిగా. దాన్ని చూసి ఎంత సంతోషపడ్డానో. మా ఆయన్ని పిలిచి చూపించాను కూడా. దాని తర్వాత ఇంకో ఆకు రాలేదు. వానలు మొదలయ్యాక నెత్తిన కుళ్లువాసన పుట్టింది. ఆ ఒక్క ఆకునూ మెల్లగా లాగితే, మొదలంతా గోధుమరంగు గుజ్జుగా చేతిలోకి వచ్చేసింది. పాత మట్టలు ఒక్కొక్కటే ఎండి వేలాడాయి. చివరికి మనిషిని పిలిపించి కొట్టించాను. కొట్టేటప్పుడు మా ఆయన కొట్టు మూసి ఎటో పోయాడు. సాయంత్రం వచ్చి, "నాకు తెలీక అన్న్యాను మే" అన్నాడు. అది క్షమాపణే. కానీ తెలియనప్పుడు తెలిసినవాళ్లను అడగమంటారు కదా, ఆ మాట ఆయనకు అప్పుడూ తట్టలేదు.

మరుసటి ఏడు మట్టల ఆదివారానికి ముందురోజు నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. పది గంటలకు సార్ వచ్చాడు. చేతిలో కొడవలి.

"ఆ చెట్టు యాడ పోయింది?" అన్నాడు, ఎడమవైపు మొద్దును చూసి.

"చచ్చిపోయింది సార్. మీరు మొవ్వు కోసినారు గదా."

"అయ్యో" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ తర్వాత కుడివైపు చెట్టును కిందినుంచి పైకి చూసి, "దీంట్లో అయితే కొంచెమే తీసుకుంటాంలే" అన్నాడు.

నేను గేటుకు గడియ పెట్టాను. "కింది ముదురు మట్టలు రెండు కోసి నేనే తెచ్చిస్తాను. కొడవలి మాత్రం లోపలికి రాకూడదు" అన్నాను. ఆయనకు ముదురు మట్టలు అక్కర్లేదట. వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం పాస్టరయ్య ప్రార్థనలో, సంఘంలో ఒక సహోదరి మనసుకు నెమ్మది కలగాలని అడిగాడు. పేరు చెప్పలేదు. చెప్పక్కరలేదు, అందరూ నావైపే తిరిగారు. చెట్టును చంపినవాళ్ల కోసం ఎవరూ ప్రార్థించలేదు, నా కోపం తగ్గాలని మాత్రం ప్రార్థించారు. బయటికి వచ్చాక పాస్టరయ్యతోనే చెప్పాను: "నాకు నెమ్మది వద్దయ్యా. ఒక మొక్క కావల్ల."

నెల తర్వాత చర్చివాళ్లు మొక్క తెచ్చారు. పొట్టి రకం కాదు, పొడుగు రకం. ఏ రకం కావాలో కూడా నన్నెవరూ అడగలేదు. గేటు ముందు నిలబెట్టి, నా చేతికిస్తున్నట్టు ఫోటో తీసి గ్రూపులో పెడతామన్నారు. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను.

"నాకొద్దు సార్. చర్చి ఆవరణలో నాటండి. మీరే పెంచండి. పెంచితే గదా తెలిసేది."

నాటారు. ప్రార్థన చేశారు. ఫోటో తీశారు. ఆ తర్వాత దాని ముఖం చూసినవాళ్లు లేరు. మూడో ఆదివారం నేను పోయేసరికి ఆకులు కొసల నుంచి ఎండుతూ ఉన్నాయి. కుళాయి పది అడుగుల దూరంలో ఉంది. ప్రతివారం రెండొందల మంది దాని పక్కనుంచే నడిచి లోపలికి పోతున్నారు. మనసులో అందరినీ తిట్టుకుంటూ రెండు బకెట్లు పోశాను. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ, మధ్యలో బుధవారం పని నుంచి వచ్చేటప్పుడూ పోస్తూ వచ్చాను. మొక్క చేసిన తప్పేముంది?

పోయిన నెల చిత్తూరు నుంచి ఎవరో అతిథులు వచ్చారు. సార్ వాళ్లను ఆవరణంతా తిప్పి చూపిస్తూ మొక్క దగ్గర ఆగాడు. "ఇది మా సంఘం పెంచతా ఉండే చెట్టు" అన్నాడు. నేను అప్పుడే నిండు బకెట్టు మోసుకొని వస్తున్నాను. దాన్ని ఆయన కాళ్ల దగ్గర దించాను.

"పొయ్యండి సార్" అన్నాను.

అతిథులు చూస్తున్నారు. ఆయన పంచె ఎత్తిపట్టుకొని, వంగి పోశాడు. సగం మొక్కకు పోయింది, సగం ఆయన పాదాలకు.

"ఇన్ని నీళ్లు తాగతాదా ఇది?"

"ఇది ఒక బకెట్టే సార్. ఇంగొకటి పొయ్యల్ల. కుళాయి ఆడుండాది" అన్నాను.

ఆయన బకెట్టు తీసుకొని కుళాయి దగ్గరికి నడిచాడు. తర్వాతి ఆదివారం మాత్రం మళ్లీ నేనే పోశాను.