బిమారా, బద్దకమా

గోరువెచ్చని పాలలో ఈస్టు నానబెట్టి, మా అవ్వ, అంటే అమ్మ, వాడిన సొట్టల సిల్వరు గిన్నెలో మైదా పిసికి, తడిబట్ట కప్పి ఎండపొడ తగిలే చోట పెట్టాను. పిండి గిన్నె అంచు దాటి ఉబ్బాక ఓవెన్‌లో పెడితే, కాసేపటికి వెన్న కాగినట్టు, లేత జొన్న కంకి కాల్చినట్టు కమ్మని వాసన ఇల్లంతా నిండి, వంటింటి కిటికీలోంచి గోడ అవతలి పెద్దమ్మ ఇంటి వైపు సాగింది. సాగాలనే ఆ కిటికీ తెరిచి ఉంచాను. డైరీ రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. రొట్టె కాల్చిన ప్రతి ఆదివారం గాలి ఎటు వీచిందో కూడా రాసుకుంటాను.

మా చిన్నతనంలో సిద్దిపేటలో బ్రెడ్డును డబల్ రొట్టె అనేవాళ్లు. బాగున్న మనిషి దాన్ని తినడం మేమెరగం. జరమొస్తేనే, బిమారి ముదిరి దవాఖానలో పడితేనే పాలలో నానబెట్టి పెట్టేవాళ్లు. మిగతా రోజులన్నీ జొన్న గట్క, పచ్చిపులుసు, పండగొస్తే సకినాలు, నువ్వుల ముద్దలు. గోలీలాడుతూ, ఒక్కసారి జరమొస్తే బాగుండునని మొక్కుకునేవాళ్లం.

ఆ ఏడు బతుకమ్మ పండగకు జరం నాకు కాదు, అవ్వకు వచ్చింది. బాపు షోలాపూర్ మిల్లులో ఉన్నాడు. టైఫాయిడ్ అని, పాలు, డబల్ రొట్టె తప్ప ఏమీ పెట్టొద్దని డాక్టరు చెప్పి పోయాడు. అది దొరికేది బస్టాండు దగ్గర బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు కిరాణా దుకాణంలోనే. పండగని దుకాణం మూసి ఉంటే, అవ్వ ఈ గిన్నె నా చేతికిచ్చి, మట్టిగోడ అవతల ఉండే ఆయన భార్య దగ్గరికి, మా పెద్దమ్మ దగ్గరికి పంపింది.

వాకిట్లో తంగేడు, గునుగు పూలు కుప్పలుగా పోసి, వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మ పేరుస్తున్నారు. మలీద ముద్దల బెల్లం వాసన ముక్కుకు తగులుతోంది. మధ్యలో పెద్దమ్మ, గుండ్రాయిలా ఉన్న తన కొడుక్కి పాలలో డబల్ రొట్టె అద్ది నోట్లో పెడుతోంది. నేను గిన్నె చాపాను.

"డబల్ రొట్టె బిమారోళ్లకురా. మీ అవ్వకు బిమారి ఏడిది? బద్దకం. పూలు తెంపాల్సొస్తదని పండుకుంది."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. గోడ సన్నది, అవ్వకు అన్నీ వినపడ్డాయి. నేను ఇంటికి పోయేసరికి గోడ పట్టుకుని లేచి నిలబడి ఉంది. "గిన్నె బోర్లించురా" అంది. తెల్లారి అదే జరంతో తిరుగలి ముందు కూర్చుని, జొన్నలు పోస్తూ పోస్తూ ఒరిగిపోయింది. బతికింది గానీ ఆ రొట్టె మళ్లీ ముట్టలేదు. చివరి రోజుల్లో దవాఖానలో నర్సమ్మ బ్రెడ్డు తెస్తే, "నాకు బిమారి లేదు బిడ్డా, బద్దకం" అని అటు తిరిగి పడుకుంది. ఆ మాట పెద్దమ్మ చేతనే వెనక్కి తీయించాలని ఆ మంచం పక్కనే అనుకున్నాను. రొట్టె కాల్చడం రిటైరయ్యాక నేర్చుకున్నాను.

ఇప్పుడు పెద్దమ్మ నోట్లో ఒక్క పన్ను లేదు. మొదట్లో ఆమె కోడలు గిన్నె పట్టుకుని వచ్చింది. "అత్తమ్మ జర డబల్ రొట్టె అడుగుతుంది మర్దీ." "బిమారా, బద్దకమా అడిగి రా వదినా" అన్నాను. పరాచికమనుకుని నవ్వుతూ పోయింది. మళ్లీ రాలేదు. నేను ఆదివారాలు మానలేదు.

ఇవాళ పెద్దమ్మే కర్ర పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడింది.

"ముసలిదాన్ని సతాయిస్తున్నవురా."

"అడిగినదానికి చెప్పు పెద్దమ్మా."

"బిమారే. కాళ్లు గుంజుతున్నయి, నోట్ల పండ్లు లేవు. బిమారి గాక ఏంది?"

"నీ సంగతి కాదు."

ఆమె సొట్టల గిన్నె వైపు చూసింది.

"మీ అవ్వకు గూడ బిమారే ఉండె. నాకు గప్పుడే ఎర్క."

ఆ రోజు నవ్విన ఆడవాళ్లెవరూ ఇప్పుడు లేరు. మట్టిగోడ పోయి ఇటుకగోడ వచ్చింది, డబల్ రొట్టె అన్న పేరే పోయింది, తిరుగలి రాయి ఎక్కడ పడిందో తెలియదు. ఈ మాట వినాల్సిన మనిషి అసలే లేదు.

రొట్టె కోసి రెండు ముక్కలు ఆమె ముందు పెట్టాను. చిగుళ్లతో అంచు నమిలి చూసి, "పాలు పొయ్యవారా?" అంది.

పొయ్యి మీద పాలు కాగి ఉన్నాయి. పొయ్యలేదు.