మే నెలలో అండమాన్

మా ఆయన నందిగామ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేవారు. నేను జగ్గయ్యపేటలో టీచర్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆయనకు ప్రభుత్వ ఖర్చుతో కుటుంబాన్ని తీసుకుని ఏదైనా ఊరు చూసొచ్చే అవకాశం వచ్చింది. ఆయన పాత కొలీగ్ ఒకాయన పోర్ట్‌బ్లెయిర్‌కి బదిలీ అయి ఉన్నారు. అందుకని ఈయన ఇంకేమీ ఆలోచించకుండా అండమాన్ అనేశారు.

ఆ కొలీగ్‌కి ఫోన్ చేస్తే, అవతలి గొంతు వంటింట్లో ఉన్న నాకు కూడా వినిపించింది. "మేలో ఎవరైనా వస్తారా గురువుగారూ! నెలాఖరుకల్లా వానలు పట్టుకుంటాయి. పడవలు ఆపేస్తారు. జనవరిలో రండి, సముద్రం ఎంత నిదానంగా ఉంటుందో!"

జనవరిలో నాకు అన్ని రోజులు సెలవు దొరకదు. సరే, ఇప్పటికి మానేద్దాం అనుకున్నాం. వసారాలో వట్టివేళ్ళ తడికె మీద నీళ్ళు చల్లుతున్న మా అత్తగారు చెంబుతోనే లోపలికొచ్చారు.

"వానలు పడతాయన్నాడా?"

"అవునమ్మా. రోజంతా ముసురేనంట."

"మరింకేం కావాల్రా? వెళ్దాం పద."

మద్రాసు నుంచి ఓడలో మూడు రోజులు. రెండో రోజు నాకు తల తిరిగి, తిన్నది తిన్నట్టు బయటికొచ్చేసింది. అత్తగారికి మాత్రం ఏమీ కాలేదు. సంచిలోంచి నిమ్మకాయ బద్ద తీసి నా నోట్లో పెట్టి, "చప్పరించు, మాట్లాడకు" అన్నారు.

దిగిన మర్నాడే వాన మొదలైంది. మేం ఉన్న ఆ కొలీగ్ క్వార్టర్స్‌కి రేకుల కప్పు. ఆ చప్పుడులో మాట్లాడాలంటే అరవాల్సి వచ్చేది. మా ఆయన రోజూ పొద్దున్నే జెట్టీకి వెళ్ళి, పడవలు లేవని తెలుసుకుని, తడిసి ముద్దయి తిరిగొచ్చేవారు. అత్తగారు మాత్రం కాఫీ తాగి, వరండాలోకి కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

"నువ్వూ కూర్చో అమ్మాయ్. ఇప్పుడు పనేముంది?"

కూర్చున్నాను. పెళ్ళయిన పదేళ్ళలో మేమిద్దరం చేతిలో ఆకుకూరో చింతపండో లేకుండా అలా పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారేమో.

ఆవిడ పెనుగంచిప్రోలులో ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. మామగారు పోయాక పొలం కౌలుకిచ్చి మా దగ్గరికొచ్చారు. వాననే చూస్తూ నెమ్మదిగా అన్నారు. "మబ్బు పట్టిందంటే కల్లంలో మిరపకాయలు తడుస్తాయని పరుగెత్తేవాళ్ళం. లేదంటే, పత్తి ఎండిపోతోంది, ఇంకా పడలేదేంటని ఏడ్చేవాళ్ళం. ఉత్తినే వానని చూస్తా కూర్చున్నది ఎప్పుడమ్మా? ఇక్కడ ఎంత పడ్డా మనకేం పోదుగా."

ఆవిడ కాళ్ళు చాపుకుని, చూరు నుంచి పడే ధారల కింద పాదాలు పెట్టారు. నాకు నవ్వొచ్చింది. తర్వాత నేనూ పెట్టాను. ఆ ఇంటివాళ్ళు పకోడీలు తెచ్చేదాకా అలాగే ఉన్నాం.

నాలుగు రోజులు అదే వరస. ఐదో రోజు తెరిపిచ్చింది. పడవ కట్టారు. పక్క దీవిలో తెల్లటి ఇసక, మోకాలి లోతులో కూడా మన పాదాలు మనకి కనిపించే నీళ్ళు. మా ఆయన ప్యాంటు పైకి మడుచుకుని చిన్నపిల్లాడిలా అటూ ఇటూ తిరిగారు. కెమెరాలో రీలు మొత్తం అక్కడే అవగొట్టారు. అత్తగారు కొబ్బరిచెట్టు నీడన కొంగుతో విసురుకుంటూ, "బానే ఉందిగానీ, ఉక్కపోస్తంది రా" అన్నారు. ఆ మాటకి మా ఆయన మొహం చూసి, మాతో వచ్చిన కొలీగ్ పడీ పడీ నవ్వారు.

తిరుగు పడవలో మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. మా ఆయన కెమెరా చొక్కా లోపల దాచుకుని కేబిన్‌లోకి పోయారు. నేనూ లేవబోతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. రేవు చేరేదాకా ఇద్దరం పైనే నిలబడి తడిశాం.